గేమ్ వీడియోకి ముందు మైకు, తర్వాతే గ్రాఫిక్స్ కార్డు: వైజాగ్ ఇంట్లో తెలుగు గేమింగ్ చానల్

గ్రాఫిక్స్ కార్డు కోసం ఆరు నెలలు డబ్బు దాస్తారు. మైకు దగ్గరికి వచ్చేసరికి ఇయర్‌ఫోన్ వైరుకి వేలాడేదే చాలనుకుంటారు. తెలుగు గేమింగ్ వీడియోల్లో మాటిమాటికీ కనపడే తప్పు ఇదే. బొమ్మ 720పీలో ఉన్నా చూసేవాళ్లు సర్దుకుంటారు. తుపాకీ మోతలో మాట మునిగిపోతే మాత్రం సర్దుకోరు, పక్క వీడియోకి పోతారు. అందుకే ఇక్కడ వరస తిరగేశాం: ముందు గది, మైకు, ఆ తర్వాత కంప్యూటర్, ఓబీఎస్ (ఆటని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్), ఫోను, ఎడిటింగ్, చివర్లో లైవ్.

లైవ్ చివర్లో ఎందుకంటే, రికార్డింగ్‌లో తప్పు జరిగితే ఆగి వెతకొచ్చు, లైవ్‌లో ఆ తీరిక ఉండదు. కనీసం పది వీడియోలు రికార్డు చేసి పెట్టాకే ఆ బటన్ నొక్కండి.

1. గదిని వినండి

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక టంగుమని సన్నటి తోక మిగిలిందా? రికార్డింగ్‌లో మీ ప్రతి మాట వెనకా ఆ తోక ఉంటుంది. టైల్స్ నేల, బోడి గోడలు, గాజు కిటికీలు ఉన్న ఫ్లాట్లలో ఇది మామూలే. దీనికోసం వందల ముక్కల ఫోమ్ కొనకండి. అంగుళం మందం ఫోమ్ సన్నటి శబ్దాల్ని మాత్రమే పీలుస్తుంది. కోడిగుడ్ల అట్టలైతే దుమ్ము తప్ప ఏమీ పీల్చవు.

మైకు మీ నోటివైపు చూస్తుంది కాబట్టి దానికి ఎదురుగా ఉండేది మీ వీపు వెనక గోడ. బొంత, మందపాటి దుప్పటి, పాత పరుపు, ఏది దొరికినా ఆ గోడకే వేలాడదీయండి. మానిటర్ వెనక గోడకి అతికించడం కంటే ఇది ఎంతో మేలు. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి కూర్చున్నా పని జరుగుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇక ఫ్యాను. వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాను ఆపేసి గంటసేపు ఆడమనడం అన్యాయం. ఏసీ ఉంటే ఇరవై నిమిషాల ముందు గది చల్లబరిచి, బ్లోయర్ తక్కువలో పెట్టండి. ఫ్యానే దిక్కయితే రెగ్యులేటర్‌ని ఒక్కో నంబరు మీద పెట్టి పది సెకన్లు రికార్డు చేసి వినండి. కొన్ని ఫ్యాన్లు 2, 3 మీద సన్నగా మూలుగుతాయి, 5 మీద మూలుగు పోయి గాలి చప్పుడు మొదలవుతుంది. ఈ రెండిట్లో గాలి చప్పుడే నయం, దాన్ని తర్వాత తీసెయ్యడం సులువు. గాలి నేరుగా మైకు మీద పడకుండా మాత్రం చూసుకోండి. మైకుకి తొడిగే నల్ల స్పాంజ్ టోపీ ఉన్నది అందుకే.

బయటి చప్పుళ్లకి వేళ చూసుకోవడం ఒక్కటే మందు. ఎన్‌ఏడీ, గోపాలపట్నం వైపు విమానాలు, మర్రిపాలెం వైపు రైళ్లు, ఎక్కడైనా పొద్దున్న కుక్కర్ విజిళ్లు. మైకు ఆన్ చేసి పది నిమిషాలు ఖాళీ గదిని రికార్డు చేసి వింటే మీ వీధి ఏ వేళకి సద్దుమణుగుతుందో తెలిసిపోతుంది.

2. మైకు: నాలుగు వేళ్ల దూరం

కండెన్సర్ మైకు ఎక్కువ వింటుంది. స్టూడియోలో అదే దాని గొప్ప, పక్కింటి టీవీ వినపడే ఇంట్లో అదే దాని జబ్బు. పైగా తేమ దాని పలచని పొరకి పడదు. పెదవాల్తేరు, లాసన్స్‌బే లాంటి సముద్రం పక్క ఇళ్లలో వానాకాలం వచ్చేసరికి చిటపటలు మొదలవచ్చు. డైనమిక్ మైకు మొండిది, దగ్గరి మాట తప్ప పెద్దగా పట్టించుకోదు. మనకి కావాల్సింది అదే. యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్నది తీసుకుంటే ఇప్పుడు నేరుగా కంప్యూటర్‌కి, రేపు ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (స్టూడియో మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే విడి పెట్టె) తగిలించుకోవచ్చు. శాంసన్ క్యూ2యూ ఆ కోవదే.

మైకు ధర కంటే మైకు దూరం ముఖ్యం. దూరం సగమైన ప్రతిసారీ మీ గొంతు సుమారు 6 డీబీ (డెసిబెల్) పెరుగుతుంది. టేబుల్ మీద 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకుని 7.5 సెంటీమీటర్లకి తెస్తే 12 డీబీ. గొంతు పెరిగినంత గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) తగ్గించండి, ఫ్యాను చప్పుడు కూడా అంతే తగ్గుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత శుభ్రంగా చేయలేదు. అందుకే మైకుతో పాటు బూమ్ ఆర్మ్ (మైకుని నోటి దాకా తెచ్చే మడత చెయ్యి) కొనాల్సిందే. టేబుల్ స్టాండుతో మైకు నోటి దాకా రాదు, మీరే వంగాలి.

కొలత: పెదవికీ మైకుకీ మధ్య నాలుగు వేళ్లు. నోటికి ఎదురుగా కాకుండా ఓ పక్కగా, సుమారు 45 డిగ్రీల వాలులో పెట్టండి. ‘ప, ఫ, బ, భ’ పలికినప్పుడు నోట్లోంచి తన్నుకొచ్చే గాలి మైకుని తాకకుండా పోతుంది. కీబోర్డు, సీపీయూ మైకు వెనక వైపు పడేలా సర్దండి, కార్డియాయిడ్ మైకు వెనకవైపు వినేది చాలా తక్కువ.

లాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే ‘గుయ్‌’మని మోగి, పీకగానే ఆగిపోతోందా? చాలాసార్లు అది మైకు తప్పు కాదు, ఇంటి ఎర్తింగ్ తప్పు. మూడో పిన్నుకి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఈలోగా బ్యాటరీ మీద రికార్డు చేసుకోండి.

3. కంప్యూటర్, ఉప్పు గాలి, కరెంటు

దీని గురించి ఇంటర్నెట్ నిండా ఉంది, క్లుప్తంగా చెబుదాం. 1080పీలో ఆడుతూ రికార్డు చేయడానికి ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఏదైనా సరిపోతుంది. ర్యామ్ ఒకే 16 జీబీ ముక్క కాకుండా రెండు 8 జీబీ ముక్కలు తీసుకోండి, డ్యూయల్ చానల్‌లో కొన్ని గేముల్లో తేడా బాగా తెలుస్తుంది. ఎన్‌విడియా కార్డులో రికార్డింగ్ పని చూసే ఎన్‌వెన్క్ అనే విడి భాగం ఉంటుంది. అది ఉంటే ప్రాసెసర్ మీద బరువు దాదాపు పడదు. కార్డు లేకుండా మొదలుపెడితే మాత్రం ఒక జాగ్రత్త: ద్వారకానగర్ షాపుల్లో చవగ్గా వస్తుందని ఇంటెల్ ‘ఎఫ్’ రకం ప్రాసెసర్ అంటగడితే తీసుకోకండి. 12400ఎఫ్ లాంటి వాటిలో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉండదు, దాంతో క్విక్‌సింక్ (ఎన్‌వెన్క్ లాంటి ఇంటెల్ భాగం) రికార్డింగూ ఉండదు. అసలు బొమ్మే రాదు.

సముద్రం వైపు కిటికీ ఉంటే సీపీయూని దానికి ఎదురుగా పెట్టకండి. ఉప్పు, తేమ, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీద జిగురుగా పేరుకుంటాయి, వాడని పోర్టులు తుప్పు పడతాయి. చల్లగా ఉంటుందని పక్క తలుపు తీసి వదిలేయడం ఈ ఊళ్లో చెడ్డ అలవాటు. దుమ్ము జాలీలు నెలకోసారి కడిగి ఆరబెట్టండి. మైకు, కంట్రోలర్ వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో ఉంచండి.

యూపీఎస్ దగ్గర లెక్క చూసుకోవాలి. 600 వీఏ అంటే మోయగలిగేది దాదాపు 360 వాట్లు. గేమ్ నడుస్తున్న పీసీ, మానిటర్ కలిపి ఆ దరిదాపుల్లోకి వస్తే కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. 1000 వీఏ లేదా ఆ పైది చూడండి. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్లు దాని వెనక స్విచ్చి ‘యూపీఎస్’ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. ‘ఈకో’లో ఉంటే మారడానికి పట్టే ఆ కాస్త సమయంలో పీసీ రీస్టార్ట్ అవుతుంది.

4. ఓబీఎస్: ఒక్కసారి సరిగ్గా పెట్టుకుంటే చాలు

ఓబీఎస్ స్టూడియో ఉచితం, వాటర్‌మార్క్ ఉండదు. మొదట సెట్టింగ్స్‌లో వీడియోకి వెళ్లి రెండు రిజల్యూషన్లూ 1920x1080, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) 60 పెట్టండి. ఆడియోలో శాంపుల్ రేట్ 48 కిలోహెర్ట్జ్. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మైకుకీ, హెడ్‌ఫోన్‌కీ కూడా ఇదే ఉండాలి. ఒకటి 44.1, ఇంకొకటి 48 ఉంటే మాట మెల్లమెల్లగా బొమ్మ నుంచి జారిపోవచ్చు. ఐదు నిమిషాల పరీక్షలో తెలియదు, గంట రికార్డింగ్ చివర్లో తెలుస్తుంది.

అవుట్‌పుట్‌ని ‘సింపుల్’ నుంచి ‘అడ్వాన్స్‌డ్’కి మార్చి, రికార్డింగ్ ట్యాబ్‌లో ఇలా:

ఎన్‌కోడర్ (వీడియోని కుదించేది): ఎన్‌వెన్క్ హెచ్.264. రేట్ కంట్రోల్: సీక్యూపీ, విలువ 20. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు సైజు రెండూ పెరుగుతాయి. 16 కంటే కిందికి పోయినా కంటికి తేడా తెలియదు, డిస్కు మాత్రం నిండుతుంది. ప్రీసెట్: పీ5. ఫార్మాట్: ఎంకేవీ లేదా హైబ్రిడ్ ఎంపీ4. మామూలు ఎంపీ4 వద్దు. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 మొత్తం తెరుచుకోకుండా పోతుంది, ఎంకేవీలో అప్పటిదాకా తీసినదంతా భద్రంగా ఉంటుంది. తర్వాత ఫైల్ మెనూలో ‘రీమక్స్ రికార్డింగ్స్’తో నిమిషంలో ఎంపీ4 చేసుకోవచ్చు, నాణ్యత తగ్గదు.

డిస్కు లెక్క: బిట్‌రేట్ (సెకనుకి రాసే డేటా) 30 ఎంబీపీఎస్ దగ్గర ఆడితే గంటకి 13.5 జీబీ. 250 జీబీ ఖాళీ ఉంటే సుమారు 18 గంటలు.

అసలు కీలకం ఆడియో ట్రాకులు. ఇదొక్కటి చేస్తే సగం కష్టాలు తీరతాయి. రికార్డింగ్ ట్యాబ్‌లో 1, 2, 3, 4 ట్రాకులకి టిక్ పెట్టండి. ‘అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్’లో మైకుకి 1, 2, గేముకి 1, 3, డిస్కార్డ్‌లో (గేమర్లు మాట్లాడుకునే యాప్) మాట్లాడే స్నేహితులకి 1, 4. ఒకటో ట్రాకులో అన్నీ కలిసి ఉంటాయి, మిగతా మూడూ విడివిడిగా. పేలుడు మోతలో మీ మాట మునిగితే ఎడిటింగ్‌లో గేమ్ ఒక్కదాన్నే తగ్గించవచ్చు. అంతా ఒకే ట్రాకులో కలిసిపోయిందంటే పిండిలో కలిసిన ఉప్పే, ఇక తీయలేరు. గేమునీ డిస్కార్డునీ విడదీయడానికి ‘అప్లికేషన్ ఆడియో క్యాప్చర్’ సోర్సు వాడాలి. అది వాడినప్పుడు ‘డెస్క్‌టాప్ ఆడియో’ని ఆపేయండి, లేదంటే ప్రతి చప్పుడూ రెండుసార్లు వినపడుతుంది.

మైకు ఫిల్టర్లు, ఈ వరసలోనే:

మొదట నాయిస్ సప్రెషన్, ఆర్‌ఎన్‌నాయిస్. ఫ్యాను చప్పుడు దాదాపు పోతుంది.

రెండోది నాయిస్ గేట్. ఇక్కడ కాస్త ఆగాలి. మీరు మాట్లాడనప్పుడు మైకుని మూసేసే తలుపు ఇది. ఓబీఎస్ మొదట ఇచ్చే విలువలు తెరవడానికి మైనస్ 26, మూయడానికి మైనస్ 32 డీబీ. మెల్లగా మాట్లాడేవాళ్లకి ఇవి మరీ ఎక్కువ. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఆ చివరి అక్షరం దగ్గరే గొంతు దిగుతుంది. ‘మేడ మీద ఉన్నాడు’, ‘మేడ మీద ఉన్నాను’: ఎవరున్నారో చెప్పేది ఆఖరి అక్షరమే. గేటు తొందరగా మూసుకుంటే రెండూ ‘మేడ మీద ఉన్నా’ దగ్గర తెగిపోతాయి. మూయడానికి మైనస్ 46, తెరవడానికి మైనస్ 40, హోల్డ్ 200, రిలీజ్ 250 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. ఆ రెండు వాక్యాలనే మైకులో చెప్పి వినండి, తెగకపోతే సరే. గది నిశ్శబ్దంగా ఉంటే గేటు అసలు వద్దు.

మూడోది కంప్రెసర్. రేషియో 10 నుంచి 3కి తగ్గించి, త్రెషోల్డ్ మైనస్ 20 పెట్టండి. గుసగుసకీ కేకకీ మధ్య దూరం తగ్గుతుంది. చివర లిమిటర్, మైనస్ 3. మ్యాచ్ గెలిచి ‘చికెన్ డిన్నర్’ కొట్టినప్పుడు పెట్టే కేక పగలకుండా అది కాస్తుంది.

కొలత మామూలే: మాట్లాడుతున్నప్పుడు మీటరు పసుపులో, మైనస్ 18కీ 12కీ మధ్య ఆడాలి, అరిచినప్పుడు ఎరుపు అంచుని తాకొచ్చు. గేమ్ శబ్దం ఆకుపచ్చలోనే, మైనస్ 30, 24 మధ్య. హెడ్‌ఫోన్‌లో మీకు గేమ్ చిన్నగా వినపడుతోందని ఓబీఎస్‌లో పెంచకండి, విండోస్ వాల్యూమ్ పెంచుకోండి.

5. నల్ల తెర, నత్తనడక

లాప్‌టాప్‌లో ‘గేమ్ క్యాప్చర్’ పెడితే నల్లగా వస్తోందా? లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉంటాయి. గేమ్ ఒకదాని మీద, ఓబీఎస్ ఇంకోదాని మీద నడుస్తుంటే ఒకదాని బొమ్మ ఇంకోదానికి అందదు. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దగ్గర ఓబీఎస్‌ని చేర్చి, గేమ్ క్యాప్చర్ వాడితే ‘హై పెర్ఫార్మెన్స్’ ఇవ్వండి. డిస్‌ప్లే క్యాప్చర్ వాడితే ‘పవర్ సేవింగ్’. ఆ తర్వాత ఓబీఎస్ మూసి తెరవండి.

గేమ్ ఆడుతుంటే సాఫీగా ఉండి వీడియోలో మాత్రం తడబడుతుంటే, ఓబీఎస్‌లో ‘స్టాట్స్’ ప్యానెల్ తెరిచి పెట్టి పది నిమిషాలు ఆడండి. మూడు లెక్కలు కనపడతాయి, మూడింటికీ కారణాలు వేరు. అన్నిటినీ కలిపి ‘ల్యాగ్’ అనేస్తే మందు దొరకదు.

‘రెండరింగ్ ల్యాగ్’ పెరుగుతోందంటే గ్రాఫిక్స్ కార్డు నూటికి నూరు శాతం గేముకే పోతోంది, ఓబీఎస్‌కి వాటా మిగలట్లేదు. గేములో ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టండి. ఉదాహరణకి కార్డు కిందామీదా పడి 110 ఇస్తుంటే 90 దగ్గర కట్టేయండి. ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి, కార్డులో దానికి ముందు వరస దొరుకుతుంది. అప్పటికీ తగ్గకపోతే నీడల నాణ్యత ఒక మెట్టు దించండి.

‘ఎన్‌కోడింగ్ ల్యాగ్’ అంటే వీడియోని కుదించే పని వెనకబడుతోంది. ఎక్స్264 (ప్రాసెసర్ మీద నడిచే ఎన్‌కోడర్) మీద ఉంటే ఎన్‌వెన్క్‌కి మారండి. అప్పటికే ఎన్‌వెన్క్ అయితే ప్రీసెట్ పీ5 నుంచి పీ4 లేదా పీ3.

‘డ్రాప్‌డ్ ఫ్రేమ్స్’ లైవ్‌లోనే వస్తాయి. అది నెట్ తప్పు. దీనికోసం గ్రాఫిక్స్ తగ్గించినా, కొత్త కార్డు కొన్నా పైసా లాభం లేదు.

6. ఫోన్‌లో ఆడేవాళ్లకి

మనలో ఎక్కువమంది ఆడేది ఫోన్‌లోనే. ఆండ్రాయిడ్ 10 నుంచి గేమ్ లోపలి శబ్దాన్ని ఫోనే రికార్డు చేయగలదు. రికార్డర్ సెట్టింగ్స్‌లో ‘ఇంటర్నల్ ఆడియో’ ఎంచుకోవాలి. చిక్కు ఎక్కడంటే, బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) లాంటి గేములో వాయిస్ చాట్ ఆన్ చేయగానే మైకు గేము చేతికి పోతుంది, రికార్డర్‌కి మీ మాట అందదు. గంట ఆడి చూసుకుంటే వీడియో అంతా మూగే.

దారి ఇది: మాటని ఇంకో ఫోన్‌లోగానీ పీసీలోగానీ విడిగా రికార్డు చేయండి. మొదలుపెట్టగానే ‘ఒకటి, రెండు, మూడు’ అని, మూడు అన్న క్షణంలోనే గేములో ఒక తూటా పేల్చండి. ఎడిటింగ్‌లో రెండు ట్రాకులనీ పక్కపక్కన పెడితే తూటా చప్పుడు ఒకదాంట్లో, ‘మూడు’ ఇంకోదాంట్లో గుట్టలా లేచి కనపడతాయి. రెండు గుట్టల్నీ ఒక గీత మీదికి తెస్తే సరి. చివర్లో ఇంకో తూటా పేల్చండి, ట్రాకులు మధ్యలో జారాయో లేదో అక్కడ తెలుస్తుంది.

జారితే కారణం ఒకటే అయ్యుంటుంది: ఫోన్ రికార్డింగులు స్థిరమైన ఫ్రేమ్ రేటుతో ఉండవు. ఒక క్షణం 58, మరుక్షణం 41. ఎడిటర్లు దీన్ని సరిగ్గా చదవలేవు. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ 60 పెట్టి మార్చుకోండి.

వేడి ఇంకో సంగతి. ఫోన్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మే నెలలో ఇరవై నిమిషాలు చాలు. కవరు తీసేయండి, వెలుతురు తగ్గించండి, ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి ఆడకండి. ‘డు నాట్ డిస్టర్బ్’ మాత్రం మరవొద్దు. తెర పైన జారే నోటిఫికేషన్‌లో బ్యాంకు ఓటీపీ, అమ్మ ఫోన్ నంబరు కూడా రికార్డవుతాయి.

ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లు క్యాప్చర్ కార్డు (దాని బొమ్మని పీసీకి పంపే పరికరం) పెట్టేముందు సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ (కాపీ కాకుండా వేసే తాళం) ఆపాలి, లేకపోతే తెర నల్లనే. చవక యూఎస్‌బీ 2.0 కార్డుల అట్ట మీద ‘4కే’ అని ఉన్నా అవి రికార్డు చేసేది అంతకాదు, కొనేముందు రికార్డింగ్ రిజల్యూషన్ ఎంతో చదవండి. ఆట టీవీలో చూసి ఆడండి, ఓబీఎస్ కిటికీలో చూసి కాదు. అక్కడ బొమ్మ ఆలస్యంగా వస్తుంది.

7. నోరు

ఒకే ఇరవై సెకన్లకి రెండు రకాల మాటలు చూడండి. సందర్భం: బీజీఎంఐ, ఎరాంగెల్ మ్యాపులో పొచింకి ఊరు, రెండంతస్తుల ఇల్లు, కింద మీరు, పైన శత్రువు.

మొదటిది: ‘హాయ్ గైస్, ఇప్పుడు మనం పొచింకిలో ఉన్నాం గైస్, ఇక్కడ ఎనిమీ ఉన్నాడు గైస్, చూద్దాం ఏమవుతుందో.’

రెండోది: ‘పైన ఒకడున్నాడు. అడుగులు వినపడ్డాయా? ఎడమ గదిలో. నా దగ్గర గ్రెనేడ్ ఒక్కటే. మెట్లెక్కితే నన్ను ముందు ఆడే చూస్తాడు... కిటికీలోంచి ఏస్తా. పడితే ఆడు, పడకపోతే మనం.’

మొదటిదాంట్లో తెర మీద కనపడేదే మళ్లీ చెప్పారు. రెండోదాంట్లో తెర మీద లేనిది ఉంది: ఏం విన్నారు, ఏం మిగిలింది, ఏం చేయబోతున్నారు, తప్పితే ఏమవుతుంది. చూసేవాడు ఆ గ్రెనేడ్ పడేదాకా కదలడు. రాసుకుని చదవక్కర్లేదు, ‘ఇప్పుడు ఏం ఆలోచిస్తున్నాను’ అన్నదాన్ని బయటికి అనడం అలవాటు చేసుకుంటే చాలు. ఆడుతున్నంతసేపూ మాట్లాడాలనీ లేదు. తూటా వదిలేముందు రెండు సెకన్ల మౌనం కేకకంటే గట్టిది.

యాస గురించి: మీది ఉత్తరాంధ్ర నోరైతే ‘ఏటిరా ఇది, సచ్చిపోనాను’ అన్నది దాచుకోకండి, పుస్తకాల తెలుగులోకి మారితే గేమ్ వేడెక్కగానే ఎలాగూ జారిపోతారు. మీది కాని యాసని నవ్వుల కోసం అతికించుకుంటే మాత్రం రెండో వీడియోకే తెలిసిపోతుంది.

8. కోయడం, తెలుగు అక్షరాలు

నలభై నిమిషాల ఆటలో పన్నెండు నిమిషాలు మిగిలితే బాగా కోసినట్టు. ఓబీఎస్‌లో ‘రీప్లే బఫర్’ 60 సెకన్లకి పెట్టి ఒక కీ కేటాయిస్తే, మంచి ఘట్టం జరిగాక నొక్కినా గడిచిన నిమిషం విడిగా భద్రమవుతుంది. షార్ట్స్‌కి అవే ముడిసరుకు. ఎడిటింగ్‌కి డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. మైకు ట్రాకులో 80 హెర్ట్జ్ కింద శబ్దాన్ని కోసేయండి, టేబుల్ తగిలిన దబదబలు పోతాయి. మొత్తం శబ్దం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే సగటు గట్టితనానికి కొలత) దగ్గర ఉంచండి. అంతకంటే పెంచితే యూట్యూబే తగ్గిస్తుంది.

థంబ్‌నెయిల్ 1280x720. తెలుగు రాసినప్పుడు ఒత్తులు విడిపోయి ‘క్ష’ బదులు ‘క్‌ష’ పడుతుంటే ఫాంటు తప్పు కాకపోవచ్చు. పాత ఫొటోషాప్ వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషల ఆప్షన్ ఎంచుకుని మళ్లీ తెరవాలి. డీటీపీ షాపులో అను ఫాంట్స్‌లో కొట్టించిన అక్షరాలు యూనికోడ్ కావు, అతికిస్తే పిచ్చిగీతలే వస్తాయి. రామభద్ర లాంటి మందపాటి యూనికోడ్ ఫాంటు తీసుకుని మూడు నాలుగు మాటలకి మించకుండా రాయండి.

ఒక చిట్కా: గడ్డి, ఆకులు ఎక్కువున్న గేముల్లో 1080పీ అప్‌లోడ్ యూట్యూబ్‌లో అలుక్కుపోయినట్టు కనపడుతుంది. ఎగుమతిని 2560x1440కి పెంచి, 24 ఎంబీపీఎస్ దగ్గర పంపండి. ఆ సైజుకి యూట్యూబ్ మెరుగైన కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) వాడుతుంది, 1080పీలో చూసేవాళ్లకి కూడా తేడా తెలుస్తుంది. పదిహేను నిమిషాల వీడియో 2.7 జీబీ అవుతుంది. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉంటే 18 నిమిషాలు, 3 ఉంటే రెండు గంటలు.

9. లైవ్

చానల్‌ని ఫోన్ నంబరుతో ధ్రువీకరించాక లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది, అందుకే ముందురోజే చేయండి. 2025 జులై 22 నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు ఒంటరిగా లైవ్ చేయకూడదు. ఫోన్ నుంచి నేరుగా చేయాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి.

నెట్ ప్లాన్ మీద రాసిన అంకెని నమ్మకండి. వరసగా మూడు రాత్రులు తొమ్మిదింటికి అప్‌లోడ్ వేగం కొలవండి, మూడింట్లో తక్కువదాన్ని తీసుకోండి, దాంట్లో అరవై శాతానికి మించి వాడకండి. 10 ఎంబీపీఎస్ వస్తే 6,000 కేబీపీఎస్. ఓబీఎస్‌లో రేట్ కంట్రోల్ సీబీఆర్ (స్థిరమైన బిట్‌రేట్), కీఫ్రేమ్ ఇంటర్వెల్ 2 సెకన్లు. 5 ఎంబీపీఎస్ మాత్రమే వస్తుంటే 720పీ, 3,000 పెట్టుకోండి, 1080పీ కోసం పోతే గళ్లుగళ్లుగా పడుతుంది. రౌటర్ నుంచి పీసీకి క్యాట్6 కేబుల్ లాగండి. అపార్ట్‌మెంట్‌లో ఇరవై వైఫైల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ మీద లైవ్ చేయడం జగదాంబ జంక్షన్‌లో పండగ సాయంత్రం బండి నడపడమే. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త ఉంటే లైవ్ తేదీ ప్రకటించకండి, 2014లో హుద్‌హుద్ ఊరి మీద పడింది అక్టోబరు 12నే.

మొదటి లైవ్ ‘అన్‌లిస్టెడ్’లో పెట్టి, ఇంకో ఫోన్‌లో మొబైల్ డేటా మీద మీరే చూసుకోండి.

10. పాటలు, డబ్బు, చట్టం

వెనకాల సినిమా పాట పెడితే యూట్యూబ్‌లో పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పట్టేస్తుంది, ఆదాయం పాట హక్కుదారుకి పోతుంది. అదే కాపీరైట్ స్ట్రైకులు 90 రోజుల్లో మూడు పడితే చానలే పోతుంది. గేముల్లోని పాటలకీ ఇదే చిక్కు. సైబర్‌పంక్ 2077 లాంటి వాటిలో కాపీరైట్ సంగీతాన్ని ఆపే ఆప్షన్ ఉంటుంది, రికార్డింగ్‌కి ముందే ఆన్ చేయండి.

ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ కావాలి. ఆ దారిలో ముందు తలుపు తట్టేది తరచుగా బెట్టింగ్ యాప్‌ల వాళ్లే, చిన్న చానళ్లకి కూడా డబ్బు ఎర వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్‌లపై 2020 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం వాటికి ప్రచారం చేసినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు లేదా 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జవాబు కూడా ఇవ్వకండి. ఒక గేమ్ మీదే చానల్ కట్టేటప్పుడు ఇదీ గుర్తుంచుకోండి: బీజీఎంఐ 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది, ఆ పది నెలలూ అదొక్కటే ఆడే చానళ్లకి గడ్డుకాలమే.

11. అప్‌లోడ్ చేసిన మర్నాడు

యూట్యూబ్ స్టూడియోలో ‘రిటెన్షన్’ గ్రాఫ్ (జనం ఎక్కడిదాకా చూశారో చెప్పేది) తెరవండి. గీత నిటారుగా పడిన చోట నిమిషం, సెకను రాసుకోండి. ఆ చోటుని ఇంట్లో హెడ్‌ఫోన్‌లో కాదు, ఆటోలోనో ఆర్టీసీ బస్సులోనో కూర్చుని ఫోన్ స్పీకర్‌లో వినండి. మాట అర్థం కాలేదా? మూడో ట్రాకుని, అంటే గేమ్ శబ్దాన్ని, వచ్చే వీడియోలో ఇంకో 4 డీబీ తగ్గించండి. మాట అర్థమై కూడా జనం వెళ్లిపోయారంటే అక్కడ మీరు మెనూల్లో తిరుగుతూనో, లాబీలో ఎదురుచూస్తూనో ఉండుంటారు. ఈసారి అక్కడ కత్తెర వేయండి.